రాయిలో తెల్ల మచ్చలు



1969 ఫిబ్రవరి 8, అర్ధరాత్రి దాటిన వేళ. మెక్సికోలో పుయెబ్లితో దె అయెందే అనే పల్లె పరిసరాల్లో ఆకాశం పట్టపగలులా వెలిగి, రాళ్ళు రాలాయి. ఏరినవే రెండు టన్నులు దాటాయి. ఆ ఉల్కకు అయెందే అనే పేరే స్థిరపడింది.

ఆ రాయి పైన నల్లటి పెంకు, లోపల బూడిదరంగు. అందులో అక్కడక్కడ తెల్లటి మచ్చలు. ఆవగింజంతవి కొన్ని, శనగగింజంతవి కొన్ని. ఈవేళ నేను చెప్పబోయేది వాటి సంగతే.

ఈ మచ్చల్లో కాల్షియం, అల్యూమినియం మెండు. మెలిలైట్, స్పైనెల్, పెరోవ్‌స్కైట్ అని ఖనిజాల పేర్లు. నోరు తిరగవు, నిజమే. కానీ మామూలు కొలిమికి లొంగని సరుకు ఇది. మరి ఎలా తయారైంది?

మీ ఇంట్లో కర్పూరం సీసా తీసి చూడండి. మూత లోపలివైపు తెల్లగా పలుకులు పేరుకుని ఉంటాయి. కర్పూరం కరగకుండానే ఆవిరై, ఆ ఆవిరి నీరుకాకుండానే మళ్ళీ గట్టిపడింది. పసి సూర్యుడి చుట్టూ తిరిగిన వాయు చక్రంలోనూ ఇదే జరిగింది. సూర్యుడి దాపున ధూళి అంతా ఆవిరైపోయింది. చల్లారేటప్పుడు ఏది ముందు గట్టిపడుతుందో 1972లో లారెన్స్ గ్రాస్‌మన్ లెక్కగట్టారు. దాదాపు 1500 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర మొదట కురువిందం, అంటే మన కెంపు, నీలం జాతి ఖనిజం. ఆ వెనుక పెరోవ్‌స్కైట్, మెలిలైట్, స్పైనెల్. ఇనుము వంతు ఆ తరువాతే. మచ్చల్లో కనిపించిన ఖనిజాలు చాలావరకు ఆ లెక్కలోవే! కొన్ని మచ్చలు మాత్రం మళ్ళీ కాగి, బొట్లుగా కరిగి, నిదానంగా గడ్డకట్టాయి.

యురేనియం సీసంగా మారే లెక్కన వీటి వయసు 456 కోట్ల 70 లక్షల ఏళ్ళు. సౌరకుటుంబంలో పుట్టి, వయసు కట్టగలిగిన ఘనపదార్థాల్లో ఇంతకన్నా పాతవి లేవు. అందుకే సౌరకుటుంబం వయసును వీటినుంచే లెక్కిస్తారు.

మనవాళ్ళ చేయీ ఇందులో ఉంది. కజకిస్తాన్‌లో దొరికిన ఎఫ్రెమోవ్కా ఉల్క మచ్చల్లో, దాదాపు లక్ష ఏళ్ళకు సగమైపోయే కాల్షియం-41 ఒకప్పుడు ఉండేదని 1994లో అహ్మదాబాదు ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ శాస్త్రజ్ఞులు చూపారు. అది వేరే నక్షత్రంలో పుట్టిందే అయితే, అక్కడినుంచి వచ్చి ఈ రాళ్ళలో చేరడానికి పది లక్షల ఏళ్ళు మించి పట్టి ఉండదు.

2006లో స్టార్‌డస్ట్ నౌక విల్ట్-2 తోకచుక్క ధూళిని భూమికి తెచ్చింది. మంచుముద్ద లాంటి ఆ తోకచుక్క ధూళిలోనూ ఇలాంటి రేణువు బయటపడింది! సూర్యుడి దగ్గర కాగిన సరుకు అంత చలిలోకి కొట్టుకుపోయిందని ఒప్పుకోక తప్పలేదు.