ప్రభుత్వ వ్యయము – ప్రజల యారోగ్యము



ఆమదాలవలసలో రైలు దిగువారికి స్టేషను పలకపై శ్రీకాకుళం రోడ్డను పేరు కనబడును. ఉద్దానపు మూత్రపిండ రోగులనేకులు ఈ స్టేషను మీదుగానే విశాఖపట్టణమునందలి కింగ్ జార్జి ఆసుపత్రికి చిరకాలము పోవుచుండిరి. అట్టి ప్రయాణమున రోగికి బండి ఛార్జీతోపాటు ఆనాటి కూలియు నష్టమే. తోడు వచ్చినవాని కూలియు నష్టమే. ఈ బాధను మనసున నుంచుకొని, ప్రభుత్వము వైద్యమునకు చేయు వ్యయమునకును ప్రజల యారోగ్యమునకును గల సంబంధమును నేడు విచారింతము.

ధనమెంత వెచ్చించిన ఆరోగ్యమంత కలుగునని సామాన్యముగా తలతుము. ఇది సగము సత్యము. అమెరికా సంయుక్త రాష్ట్రములలో జాతీయోత్పత్తియందు నూటికి సుమారు 17 వంతులు వైద్యమునకు ఖర్చగుచున్నవి. అంతకంటె చాల తక్కువ వెచ్చించు జపాను ప్రజలు వారికంటె దీర్ఘాయుష్మంతులు. మన దేశముననే చూడుడు: 2020 సంవత్సరపు లెక్కలలో, పుట్టిన వేయిమంది శిశువులలో ఏడాది నిండకయే మృతినొందినవారు ఆంధ్రప్రదేశమున 24 మంది, కేరళమున ఆరుగురు. కేరళము సంపన్నము కాని దినములనుండియే ఈ మార్గమున నడచినది. చదువుకొన్న తల్లులు, నడచి పోదగినంత చేరువలోని ఆరోగ్య కేంద్రములు ఆ ఫలితమునకు ముఖ్య కారణములు.

అట్లని ధనము నిష్ప్రయోజనమనరాదు. 2007 ఏప్రిల్ 1వ తేదీన ఆరోగ్యశ్రీ పథకము మొదట ప్రారంభమైన మూడు జిల్లాలలో మన శ్రీకాకుళ మొకటి. పెద్ద శస్త్రచికిత్సకై పొలము తాకట్టు పెట్టవలసిన బీదవానికి అది కొండంత అండ. కాని యది రోగము ముదిరిన పిమ్మట తోడ్పడునది; రోగమును రాకుండ నాపునది కాదు.

ఈ భేదము ఉద్దానమున స్పష్టముగా కనబడును. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మొదలగు మండలములలో కొబ్బరి, జీడిమామిడి తోటల నడుమ 1990 తరువాతి దశాబ్దమున ఈ వ్యాధి బయటపడినది. దానికి కారణ మిదియేయని నేటికిని రూఢిగా తేలలేదు. డయాలిసిస్ కేంద్రములు వెలసినవి. 2019లో డయాలిసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఏర్పడినది. ఇవి తప్పక చేయవలసిన పనులే. వారమునకు రెండు మూడు మారులు నాలుగేసి గంటలు యంత్రముచెంత పరుండువానికి ఊరి చేరువ కేంద్రమే ప్రాణాధారము. అయినను ఆ యంత్రము రోగిని కొంతకాలము నిలుపునే కాని, పొరుగింటివానికి రోగము రాకుండ చేయజాలదు.

2023 డిసెంబరులో రెండు పనులు ప్రారంభోత్సవము నొందినవి. ఒకటి పలాసలో 200 పడకల ఆసుపత్రి, దానితోకూడ మూత్రపిండ వ్యాధుల పరిశోధనా కేంద్రము. రెండవది సుమారు 700 కోట్ల రూపాయలతో హిరమండలము జలాశయమునుండి ఉద్దానమునకు తెచ్చిన మంచినీరు. కారణము తేలకమునుపే నీరు తెచ్చుట వివేకమే; శుద్ధజలమువలన కీడు లేదు, మేలు పెక్కువిధములు. కాని గొట్టములు వేయుట ఒకనాటి పని, వానిని కాపాడుట ఏటేటి పని. పంపు చెడిన మరునాడు జనులు మరల పాత బావికే పోవుదురు.

అన్నిటికంటె ముఖ్యమైనది లెక్క. కేంద్రమున ఎందరికి చికిత్స జరిగెనని చెప్పుట చాలదు. ఈ యేడు ఏ గ్రామమున ఎందరు క్రొత్తగా రోగగ్రస్తులైరి? నిరుటికంటె తగ్గిరా, పెరిగిరా? ఈ లెక్క లేనిదే పెట్టిన ధనము ఫలించెనో లేదో ఎవరును చెప్పజాలరు. చికిత్స పొందువారి సంఖ్య పెరుగుట ఒక్కొక్కప్పుడు సేవ విస్తరించుటకు గుర్తు, ఒక్కొక్కప్పుడు వ్యాధి విస్తరించుటకు గుర్తు.

1946లో భోరు సంఘమువారు తమ నివేదికలో రోగనివారణకు ప్రాముఖ్యము నిచ్చి, వైద్యము జనుల ముంగిటికి రావలెనని సూచించిరి. ఆ మాటకు నేటికిని విలువ తగ్గలేదు. ఆమదాలవలస పురపాలక సంఘమున కాని, మీ పంచాయతీలో కాని పద్దులు చదువునపుడు, ఎంత వెచ్చించితిరని మాత్రమే యడుగకుడు. ఎన్ని కుళాయిల నీరు పరీక్షించితిరి, ఎందరు గర్భిణులను చూచితిరి, క్రొత్త రోగులెందరని కూడ అడుగుడు. ఆసుపత్రికి పోవు బండిలో మనవారి సంఖ్య ఏటేట తగ్గిననాడే మన ధనము సద్వినియోగమైనదని నమ్మవచ్చును.