ఇల్లు రాసిచ్చే ముందు
(వార్షిక మహాజన సభలో చేసిన ప్రసంగం)



చంటిపిల్లల్ని ఎత్తుకుని మొదటి పొదుపు మీటింగులకు వచ్చినవాళ్లలో చాలామందికి ఇప్పుడు అరవై దాటుతున్నాయి. అప్పులు తీర్చి కట్టుకున్న ఇంటిని పిల్లల పేర రాసే వయసుకొచ్చాం. అందుకే ఈ సంగతి చెప్పాలనుకున్నాను.

ముసలి తల్లిదండ్రులను కొడుకులూ కూతుళ్లూ పోషించాలని హిందువులకు 1956లోనే చట్టం వచ్చింది. 1973 నేర విచారణ చట్టంలోని 125వ సెక్షన్ ఏ మతంవాళ్లకైనా ఆ హక్కు ఇచ్చింది. కానీ రెండింటికీ కోర్టు మెట్లెక్కాలి. పూట గడవని ముసలామె వాయిదాలకు ఎన్నాళ్లని తిరుగుతుంది? 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఆ దారి దగ్గర చేసింది. అర్జీ ఆర్డీఓ దగ్గరుండే ట్రిబ్యునల్‌కు పెట్టుకోవచ్చు. వకీలు అక్కర్లేదు. నోటీసు ఇచ్చిన 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే ఇంకో 30 రోజులు. నెలకు 10,000 రూపాయలు మించకుండా పోషణ ఖర్చు ఇప్పిస్తారు.

ఇందులో 23వ సెక్షన్ గట్టిగా గుర్తుపెట్టుకోండి. ‘నన్ను చూసుకోవాలి’ అనే షరతు మీద ఆస్తి రాసిచ్చాక పట్టించుకోకపోతే, ఆ దస్తావేజు రద్దు చేయమని అడగొచ్చు. మరి షరతే లేకపోతే? 2022 డిసెంబరులో సుప్రీంకోర్టులో ఒక తల్లి అక్కడే ఓడిపోయింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్ తల్లి ఒకామె గెలిచింది. కొడుకు చూసుకుంటాడన్న మాట ఆమె గిఫ్ట్ డీడ్‌లో ఉంది. అదే రోజు కొడుకు రాసిచ్చిన హామీ కాగితమూ ఉంది. ఆస్తి ఆమెకు తిరిగి అప్పగించమంది కోర్టు.

“కన్నబిడ్డల దగ్గర కూడా షరతులేమిటమ్మా” అంటారు. సంఘంలో పక్కింటామెకు అప్పిచ్చినా తీర్మానం రాసి సంతకాలు పెట్టించుకుంటాం కదా! నమ్మకం లేక కాదు, రేపు తగువు రాకూడదని.

కాబట్టి వేలిముద్ర వేసే ముందు దస్తావేజు మొత్తం చదివించుకోండి. తిండి, బట్ట, వైద్యం, బతికినంతకాలం ఆ ఇంట్లోనే ఉండే హక్కు, ఇవన్నీ అందులో రాయించండి. ఇంకా మనసు తేలకపోతే వీలునామా రాయండి, బతికుండగా ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

తనంతట తాను అర్జీ పెట్టుకోలేని పెద్దామె ఒప్పుకుంటే, ఆమె తరఫున రిజిస్టరైన సంఘం పెట్టొచ్చని చట్టంలోనే ఉంది. మనదీ రిజిస్టరైన సమాఖ్యే. సలహా కావాలంటే పెద్దల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయండి.

మన వీధిలో ఏ ఇంట్లో పెద్దామెకు అన్నం సరిగా అందడంలేదో మనకు తెలుసు. వచ్చే మీటింగులో వాయిదాల వసూలు అయ్యాక, ఆ పేర్లు కూడా మాట్లాడుకుందాం.