ఇంటి కాపలాకు వైర్‌లెస్ కెమెరా
(చంద్రశేఖరపురం ప్రాంత రైతుల కొరకు ప్రసంగ పాఠము)



మనది వానను నమ్ముకొన్న మెట్ట ప్రాంతము. వాన మొగము చాటేసిన ఏడు పడుచువారు పనులకై హైదరాబాదు, బెంగుళూరు పోవుదురు. ఇంట ముసలివారు మిగులుదురు, లేదా తాళము మిగులును. పొలములో బోరు వద్ద స్టార్టరు, రాగి తీగ రాత్రంతయు దిక్కులేక పడియుండును. తీగ కోసుకొనిపోయినచో ఆ నష్టము తీగ ఖరీదుతో ఆగదు. నీరు లేక పైరు కూడ వాడిపోవును. అందుచేతనే ఇప్పుడు పలువురు వైర్‌లెస్ కెమెరా కొనవలెనని చూచుచున్నారు. కొనుటకు ముందు నాలుగు సంగతులు తెలిసికొనుట మంచిది.

వైర్‌లెస్ అనగా నేమి?

తీగ అసలే అక్కరలేదని తలచవద్దు. బొమ్మ మాత్రమే గాలిలో పోవును. కరెంటు కావలసినదే. బజారులో ముఖ్యముగా మూడు రకములు కలవు.

1. ఇంటి వైఫైతో పనిచేయునది. దీనిని ప్లగ్గుకు తగిలించవలెను. ఇంటర్నెట్ ఉన్న ఇంటికి ఇది చవక. రాతిగోడలు వైఫైని తగ్గించును. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై 5 గిగాహెర్ట్జ్ కంటె గోడలను బాగుగా దాటును. కరెంటు పోయినచో రౌటరు, కెమెరా రెండును ఆగును. కావున రెండింటికిని ఇన్వర్టరు ఉండవలెను.

2. సిమ్ కార్డుతో పనిచేయు 4జి కెమెరా. వైఫై అందని బోరు వద్దకు, గొర్రెల దొడ్డికి ఇదియే తగినది.

3. బ్యాటరీతో, చిన్న సోలారు పలకతో నడచునది. ఇందు వైఫైవి, 4జివి రెండును కలవు. ఇవి సాధారణముగా నిద్రలో ఉండి, కదలిక కలిగినప్పుడే మేల్కొని చిత్రించును.

4జి కెమెరా కొనక ముందే అదే కంపెనీ సిమ్ ఉన్న ఫోనుతో, కెమెరా బిగించదలచిన చోటనే నిలచి వీడియో కాల్ చేసి చూడుడు. ఊరిలో సిగ్నలు ఉండి, కొండ అడ్డమైన చేనులో లేకపోవచ్చును.

ఖర్చు లెక్క

సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున ఎడతెగక చిత్రించు కెమెరా రోజుకు సుమారు 11 జి.బి. నింపును. 64 జి.బి. మెమొరీ కార్డు ఐదారు రోజులకు నిండి, పాతది చెరిగి కొత్తది ఎక్కును. అదే బొమ్మను సిమ్ ద్వారా పంపినచో రోజుకు 1.5 జి.బి. ఇచ్చు రీచార్జి మూడు గంటల ఇరువది నిమిషములకే అయిపోవును. కావున 4జి కెమెరాను కదలిక కలిగినప్పుడు మాత్రమే పంపునట్లు అమర్చుకొనవలెను.

వేసవి, రాత్రి

కదలికను కనిపెట్టు సాధనము పలు కెమెరాలలో ఒంటి వేడిని బట్టి పనిచేయును. మన వేసవి పగటి ఎండలో గాలి వేడి ఒంటి వేడితో సమానమైనప్పుడు అది మనిషిని గుర్తించలేక పోవచ్చును. రాత్రివేళ బాగుగా పనిచేయును. చీకటిలో కెమెరా కంటికి కనబడని వెలుగుతో నలుపు తెలుపు బొమ్మ తీయును. ఈ వెలుగు కొన్ని గజముల దూరమే పారును. సాలెగూడు పట్టినచో బొమ్మ తెల్లబారును. వారమునకొకసారి తుడువవలెను.

ఎనిమిది, పది అడుగుల ఎత్తున, సూర్యునికి ఎదురు లేకుండ, వాకిట వచ్చువాని ముఖము పడునట్లు బిగించుడు. బయట పెట్టుదానికి ఐ.పి. 65 గాని, 66 గాని గుర్తు ఉండవలెను. పొరుగువారి వాకిలి, ఆడవారి స్నానపు తావు అందులో పడరాదు.

పాస్‌వర్డే తాళపు చెవి

కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డు మార్చకుండుట తాళమునకే చెవి వ్రేలాడదీయుట వంటిది. 2016లో మిరాయ్ అను దుష్ట ప్రోగ్రాము ఇట్టి కెమెరాలను, రికార్డరులను లక్షల సంఖ్యలో లోబరచుకొని, అక్టోబరులో అమెరికాలో అనేక పెద్ద వెబ్‌సైట్లను స్తంభింపజేసినది. మన దేశములో ఇంటర్నెట్ కెమెరాలకు భద్రతా పరీక్ష 2025 ఏప్రిల్ 9 నుండి తప్పనిసరి అయినది. పెట్టె మీద బి.ఐ.ఎస్. గుర్తు చూచి, బిల్లుతో కొనుడు. బిగించిన కుర్రవానికి కూడ మీ కొత్త పాస్‌వర్డు చెప్పవద్దు.

ఎవరు వత్తురు?

అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న ఇది. రాత్రి రెండు గంటలకు బెంగుళూరులో కుమారుని ఫోను మ్రోగును. అతడు దొంగను చూడగలడు గాని, రాగలడా? అందుచేత ఆ కబురు ఊరిలో నమ్మకస్తుడైన పొరుగువాని ఫోనుకు కూడ పోవునట్లు అమర్చుడు. ఆయన ఒంటరిగా ఎదురు పోరాదు. నలుగురిని లేపి 112కు ఫోను చేయవలెను.

ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ తాళము వేసిన ఇండ్లకు ఎల్.హెచ్.ఎం.ఎస్. అను ఏర్పాటు తెచ్చినది. ఊరు వెళ్ళువారు ముందుగా తెలిపినచో పోలీసులే ఇంట కెమెరా పెట్టుదురు. ఎవరైన చొరబడినచో కబురు పోలీసు కంట్రోలు రూముకు పోవును. ప్రయాణమునకు ముందు మీ ఠాణాలో ఈ సౌకర్యము గురించి విచారించుడు.

కెమెరా దొంగను పట్టదు. చూచినది చెప్పును, అంతే. కావున మొదట గట్టి గొళ్ళెము, వాకిట దీపము, మంచి పొరుగు. ఆ తరువాతనే కెమెరా.