ఆకర్షణ వేరు, అనురాగం వేరు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రేమ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఇరవై ఎనిమిదేళ్ళు పరేడ్ చేయించిన సుబేదారుకి ఇదేం సబ్జెక్టండీ అని నవ్వుకున్నాను. కానీ మనం కూర్చున్నది కలకత్తాలో. శరత్‌బాబు దేవదాసు చదువుకున్నదీ, తాగుడికి అలవాటు పడిందీ ఈ ఊళ్ళోనే. 1917లో పుస్తకంగా వచ్చిన ఆ నవలని చక్రపాణి గారు తెలుగు చేశారు. 1953లో అక్కినేని, సావిత్రి గార్ల సినిమాతో దేవదాసు మన ఇంటి మనిషైపోయాడు.

ఇంటర్ చదివే రోజుల్లో నేనూ దేవదాసునే. 1986లో, మా శ్రీకాకుళం జిల్లాలో, రోజూ ఒకే బస్సులో వచ్చే అమ్మాయి కోసం గడ్డం పెంచాను. ఆమెతో ఒక్క మాటైనా ఆడలేదు. ఆమెకి పెళ్ళయిందని తెలిసి బతుకే దండగ అనుకున్నాను. మరుసటేడు ఫౌజులో చేరాను. ట్రైనింగ్ సెంటర్‌లో మొదటి రోజే గడ్డం గీయించారు. ఆర్నెల్లు తిరిగేసరికి ఆమె ముఖం కూడా సరిగా గుర్తు లేదు! మోజంటే అదే.

దేవదాసు సంగతి చూడండి. పార్వతి ధైర్యం చేసి అర్ధరాత్రి తన గదికి వస్తే, ఇంట్లోవాళ్ళకి ఎదురు చెప్పలేక కలకత్తా వచ్చేసి, ఆమె మనసు విరిచే ఉత్తరం రాశాడు. తరవాత పశ్చాత్తాపపడ్డాడు, తాగాడు, చివరికి ఆమె ఇంటి ముందు ప్రాణం విడిచాడు. నిలబడాల్సిన రోజున మాత్రం నిలబడలేదు.

ఇంకో ఉత్తరం గురించి చెబుతాను. 1993లో, పెళ్ళిచూపుల్లో పది నిమిషాలు చూసిన అమ్మాయితో నాకు పెళ్ళయింది. 1997లో అరుణాచల్‌లో ఉన్నాను. 99 ఏ.పి.ఓ. చిరునామాతో ఆవిడ ఇన్‌లాండ్ లెటర్లు ఈ కలకత్తా మీదుగానే వచ్చేవి. ఒకదాన్లో, "ఇక్కడ అందరం క్షేమం. చలికి జాగ్రత్త" అని రాసింది. చుట్టీలో ఇంటికెళ్ళాక తెలిసింది, ఏడో నెలలో బిడ్డ పోయిందని. ఆ ఉత్తరం ఆసుపత్రి మంచం మీద రాసిందట. ఎందుకు దాచావంటే, "రాలేని మనిషికి చెప్పి బాధపెట్టడం ఎందుకు?" అంది.

ఆ రోజు నాకు సిగ్గేసింది. దేవదాసుని ఏ నోటితో తప్పు పట్టను? నేనూ పక్కన లేను కదా! అప్పుడే ఒక మాట అనుకున్నాం. "నేను రాలేకపోయినా వినగలను. ఇంకెప్పుడూ దాచకు" అన్నాను. ఆవిడ దాచలేదు. నేనూ దాచలేదు.

అబ్బాయి ఉద్యోగం వల్ల ఇప్పుడు ఇక్కడే ఉంటున్నాం. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. అలీపూర్ కమాండ్ హాస్పిటల్‌కి వెళ్ళినప్పుడు ఆవిణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి లైన్లో నేను నిలబడతాను. పాత బాకీ కొంచెం కొంచెం తీరుస్తున్నాననుకుంటాను.

తమ్ముళ్ళూ, మీ చేతుల్లో ఫోనుంది. చూడగానే గుండె ఝల్లుమంటే తప్పు కాదు, అది వయసు. కానీ పెళ్ళి మాట ఇచ్చే ముందు, కష్టమొచ్చిన రోజున ఈ మనిషికి తోడుంటానా అని మిమ్మల్ని మీరే అడగండి. పెళ్ళైనవాళ్ళు ఈ రాత్రే ఇంటికి ఫోన్ చేయండి. "అందరం క్షేమం" అంటే అక్కడితో ఆగకండి. ఇంకోసారి అడగండి.

జై హింద్.