బ్రహ్మకమలము



వానకాలము వచ్చినది మొదలు మా సుల్తానాబాదున పలువురు నన్నడుగు ప్రశ్న యొకటి కలదు. “పంతులుగారూ, బదరీయాత్రనుండి తెచ్చిన బ్రహ్మకమలము బ్రతుకకున్నది, ఏమి చేయుదుము?” అని. ముందుగా పేరు సంగతి తేల్చుకొనవలయును.

ఈ పేరున రెండు మొక్కలు వ్యవహారమున నున్నవి. రెండింటిలో నేదియు కమలము కాదు. మన పెరళ్లలో రాత్రివేళ తెల్లగా విచ్చి, తెల్లవాఱునప్పటికి వాడిపోవునది మెక్సికో ప్రాంతమునుండి వచ్చినది, నాగజెముడు కుటుంబములోనిది. కేదార బదరీ క్షేత్రములందు స్వామికి సమర్పించునది ప్రొద్దుతిరుగుడు కుటుంబమునకు చెందినది, ఉత్తరాఖండ రాష్ట్రపుష్పము. హిమాలయమున ఇంచుమించు 3,500 మీటర్ల కెగువ, చెట్లు మొలవని రాతినేలలందు పుట్టును. కాగితమువలె పలుచనైన లేతపసుపు పొరలు దాని ఊదారంగు పూగుత్తిని కప్పియుండును. చలిగాలికి ఆ పొరలే దానికి గొంగడి.

ఈ కొండమొక్క యిచ్చట నేల చచ్చుచున్నది? ఎండయే కారణమని తలచి మనవారు దానిని నీడకు చేర్చి, వాడినకొలది నీరు పోయుదురు. చెఱుపంతయు నచ్చటనే. కొండమీద దాని వేళ్లు గులకరాళ్లనడుమ నుండును. వచ్చిన నీరు వచ్చినట్లే జాఱిపోవును. మన రేగడిమట్టిలో నీరు నిలిచి, ఆ వేడికి మొదలు కుళ్లును. పగలు ఆకు కూడబెట్టిన యాహారమును అక్కడి చల్లని రాత్రులు మిగిల్చును, మన వేసవి రాత్రులు కరగించివేయును. చలికాలమున నెలలతరబడి మంచుక్రింద నిద్రించుట దానికి స్వభావము. రామగుండమున వేసవి 45 డిగ్రీలు ముట్టు ఈ సీమలో ఆ నిద్ర యెక్కడిది?

మా వీధిలో నొక ముసలమ్మ యిట్టి మొక్కను పసిబిడ్డవలె సాకెను. అది యెండిపోగా, దైవాపచారము జరిగినదని మూడుదినము లన్నము ముట్టలేదు. అమ్మా, అపచార మేమియు లేదంటిని. అయినను దానిని వేరుతో పెకలించి తెచ్చుట నాకు సమ్మతము కాదు. విత్తు కట్టకముందే పూవు కోయుటవలన కొండమీద నది తఱిగిపోవుచున్నది.

పెరటిపూవు పూజకు పనికివచ్చునా యని కొందఱి శంక. నిస్సంశయముగా పనికివచ్చును. ఆకువలె కనబడు దాని కాడను జానెడు కోసి, నాలుగుదినములు నీడన ఆరనిండు. ఇసుకయు, మాగిన ఆకుఎరువును కలిపిన మట్టిలో నాటుడు. కుండీ యడుగున రంధ్రము తప్పక యుండవలయును. ఉదయపుటెండ చాలును. పైమన్ను ఆరినపిమ్మటనే నీరు పోయుడు. పూచుటకు రెండు మూడేండ్లు పట్టవచ్చును. మొగ్గ తొడిగినపిమ్మట కుండీని కదలింపకుడు.