డిస్కు గోల్ఫు: మొదటి డిస్కు ఏది?

క్రిందటి వేసవిలో మేము కాలిఫోర్నియాలోనున్న మా చెల్లెలి యింట నెలదినములు గడపితిమి. ఆమె కుమారునకు పండ్రెండేండ్లు. మేము ఇల్లు చేరి కాళ్ళు కడుగుకొనకమునుపే వాడు తాను డిస్కు గోల్ఫు నేర్చుకొనదలచితిననియు, అందుకొక డిస్కు కావలెననియు చెప్పినాడు. మేనమామకు ఇంతకంటె సులభమైన పరీక్ష ఏమున్నది? మరునాడే అంగడికి పోయి, అన్నింటికంటె దూరము పోవునది ఏదియో అడిగి, దానినే కొనియిచ్చితిమి. ఆ డిస్కు మూలమున పిల్లవాడు వారము దినములు పడిన బాధయే నేటి మా ప్రసంగమునకు కారణము.

ఈ ఆట పేరు వినని శ్రోతలకు ముందుగా ఒక మాట. గోల్ఫులో బంతిని కఱ్ఱతో కొట్టి గుంటలో వేయుదురు గదా! ఇందులో కఱ్ఱయు లేదు, బంతియు లేదు. ప్లాస్టిక్కు పళ్ళెమువంటి డిస్కును చేతితో విసరి, దూరముననున్న లోహపు బుట్టలో వేయవలెను. బుట్టపైన గొలుసులు వ్రేలాడుచుండును. డిస్కు వానికి తగిలి గలగలమని క్రింద పడును. ఎంత తక్కువ విసరులలో పడినచో అంత గొప్ప. సాధారణముగా ఒక మైదానమున తొమ్మిదియో పదునెనిమిదియో బుట్టలుండును. అనేక స్థలములలో ఇవి ఊరి పార్కులలోనే యుండుటచే రుసుము లేకయే ఆడవచ్చును. ఆ దేశమున పెరుగుచున్న మన పిల్లలును మనుమలును ఇందులో దిగినచో ఆశ్చర్యము లేదు.

ఎడ్ హెడ్రిక్ అనునాయన ఈ ఆటకు తండ్రివంటివాడు. ఫ్రిస్బీలు చేయు వామ్-ఓ కంపెనీలో ఉండి, 1960 దశకములో ఆ పళ్ళెమునకు మెఱుగులు దిద్దినది ఆయనయే. 1975 లో లాస్ ఏంజెలెస్ సమీపమునందలి ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత మైదానమును ఏర్పరచినాడు. అప్పటికి గురులు వట్టి స్తంభములే. గొలుసుల బుట్ట ఆ తరువాత వచ్చినది. దానికి 1977 లో పేటెంటు లభించినది. 2002 లో ఆయన మరణించిన పిదప ఆయన కోరిక మేరకు చితాభస్మమును ప్లాస్టిక్కులో కలిపి డిస్కులు పోసినారు. మమకారమనగా అది!

మొదట ఈ ఆటను ఫ్రిస్బీలవంటి లావుపాటి అంచుగల పళ్ళెములతోనే ఆడిరి. 1983 లో డేవ్ డునిపేస్ అనునాయన అంచును వాలుగా కోసి, గాలిని చీల్చుకొనిపోవు డిస్కును రూపొందించినాడు. దానితో దూరము పెరిగినది. అంగడిలో మమ్ము ఆకర్షించినది అట్టి కత్తివాదర అంచే.

ఆ సాయంకాలము పార్కునకు పోయితిమి. మావాడు ఉత్సాహముతో విసరిన డిస్కు ఇరువది గజములు పోకమునుపే ఎడమకు తిరిగి నేల గఱచినది. రెండవసారియు అంతే. ప్రక్కన, వానికంటె చిన్నదగు ఒక బాలిక మొద్దు అంచుగల డిస్కును తిన్నగా, తాపీగా, రెండింతల దూరము పంపుచుండెను. నాలుగైదు దినములిట్లే గడచినవి. ఆఱవనాడు వాడు పార్కునకు రానన్నాడు.

“నా చెయ్యి మంచిది కాదు మామయ్యా. ఎలా విసిరినా అటే పోతోంది” అన్నాడు.

పసివాడు తన చేతిని తానే నిందించుకొనుట వినునప్పటికి మాకు సిగ్గు వేసినది. ఆ రాత్రి కూర్చుండి ఈ విషయమున దొరకినదెల్ల చదివితిమి. మరునాడు పార్కులో ఆడు పెద్దలను అడిగితిమి. తెలిసినది ఇది.

పలు కంపెనీలవారు డిస్కుమీద నాలుగు అంకెలు ముద్రింతురు. మొదటిది వేగము, రెండవది గాలిలో తేలు శక్తి, మూడవది విసరిన తొలిదశలో తిరుగు మలుపు, నాలుగవది తుదిదశలో ఒరుగు వాలు. మేము కొన్నదానిపై మొదటి అంకె 12. పెద్ద అంకె గనుక పెద్ద దూరము అని మేము లెక్కవేసికొంటిమి. కాని ఆ అంకె డిస్కు మనకిచ్చు వేగము కాదు. అది మననుండి అడుగు వేగము. అంత వేగముగా విసరగల చేయి దానికి దొరకనిచో, అది తన గుణమును చూపనే చూపదు.

ఎడమకే ఏల పోవును? బొంగరమును తలచుకొనుడు. తిరుగుచున్న బొంగరమును ఒకవైపునకు నెట్టినచో అది అటే పడక, ప్రక్కకు ఒరుగును. డిస్కును ఎగురవేయుటలోను ఇదే కిటుకు. కుడిచేతివారు చేతిని ఛాతీ మీదుగా తెచ్చి విసరునప్పుడు, పైనుండి చూచినచో డిస్కు గడియారపు ముల్లువలె తిరుగును. వేగము తగ్గి అది దిగనారంభించినపుడు గాలి ముందు అంచును పైకి లేపజూచును. తిరుగుచున్నదగుటచే ముందు లేచుటకు బదులు ఎడమకు ఒరుగును. తగిన వేగముతో విసరినవానికి ఈ ఒరుగుట చిట్టచివర వచ్చును; మావాని విసరులో అది మొదటనే వచ్చినది. ఎడమచేతివాటము వారికి ఇదంతయు తారుమారు.

కనుక మొదటి కొనుగోలు పట్టరు కావలెను. బుట్ట దగ్గరకు వచ్చినపుడు వేయు నిదానపు డిస్కు అది. వేగపు అంకె రెండు, మూడు ఉండును. ఇన్నోవావారి ఏవియర్ దీనికి మంచి ఉదాహరణ: అంకెలు 2, 3, 0, 1. దగ్గరకు వేయు డిస్కుతో దూరము ఏమి నేర్చుకొందురని మీరు అడుగవచ్చును. మేమును అడిగితిమి. పట్టరు అబద్ధమాడదు. చదరముగా విడిచినచో తిన్నగా పోవును. మణికట్టు వంకరైనచో అప్పుడే వణకి చూపును. వేగపు డిస్కు మంచి విసరును, చెడ్డ విసరును ఒక్కలాగున ఎడమకు పడవేయును, దానివలన నేర్చుకొనునదేమి? వీలైనచో ఒకే రకపు పట్టర్లు రెండు కొనుడు. ఒకటి వేసి, వెంటనే రెండవది వేసినచో తప్పు డిస్కుదో, చేతిదో తేలిపోవును.

రెండవది మధ్యదూరపు డిస్కు. డిస్క్రాఫ్టువారి బజ్ అటువంటిది: 5, 4, -1, 1. మూడవది, కొన్ని వారములైన పిదప, నిదానపు డ్రైవరు. లెపర్డు వంటిది, 6, 5, -2, 1. మూడవ అంకె ముందు ఋణచిహ్నము ఉన్నచో తొలిదశలో కుడికి మళ్ళునని అర్థము. అది క్రొత్తవాని విసరులోని ఎడమవాలును కొంత సరిదిద్దును. మొదటి సంవత్సరమునకు ఈ మూడు రకములే చాలును. పెట్టెలో మూడేసి కట్టి అమ్మునవియు కలవు. చవుకయే గాని, అందలి డ్రైవరు అంకె తొమ్మిది దాటినదేమో చూచి మఱి కొనవలెను.

తూకము మాట. ఈ డిస్కులు సామాన్యముగా 175 గ్రాములకు లోబడియుండును. పిల్లలకు డ్రైవరు 150 గ్రాముల దాపున ఉండుట మేలు. ప్లాస్టిక్కులోను తరగతులున్నవి: చవుకది చేతికి చక్కగా పట్టుబడును గాని చెట్లకు తగిలి త్వరగా అరుగును, ఖరీదైనది చాలకాలము మన్నును. పట్టరుకు చవుకదే హాయి.

ఇక రంగు. దీనిని తేలికగా తీసికొనవలదు. పచ్చగడ్డిలో పచ్చడిస్కును వెదకుచు మేమొక సాయంకాలమంతయు వ్యర్థపుచ్చితిమి. నారింజ, గులాబి, ముదురు పసుపు మంచివి. అడుగున పేరును ఫోను నంబరును చెరగని సిరాతో వ్రాయించుడు. దొరకినవారు పిలిచి యిచ్చుట ఆ ఆటగాండ్ర మర్యాద. మొదట కొన్ని దినములు చెఱువున్న మైదానమునకు పోకుండుట మరియు మంచిది.

మేము మరల అంగడికి పోయి నారింజరంగు పట్టర్లు రెండు తెచ్చితిమి. మొదటినాడు వాడు అయిష్టముగానే వచ్చినాడు. మూడవ విసరు తిన్నగా పోయినది. వాడు డిస్కువంక గాక, తన చేతివంక చూచుకొన్నాడు. మేము తిరిగివచ్చు నాటికి ఆ రెండింటి అంచులును చెట్ల గాట్లతో నిండినవి. పండ్రెండు అంకె డిస్కు మాత్రము వాని పుస్తకముల అలమరపైన క్రొత్తదిగానే యున్నది. దాని అడుగున వాడింకను పేరు వ్రాసికొనలేదు.