ఎర్రగీత గీసిందెవరు?

(విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిగ్రీ అయినంక మేం ఉద్యోగ దరఖాస్తు టైపు చేస్తుంటే ఒక ముచ్చట జరిగింది. బడిల సారు నేర్పినట్లే 'కలర్' అని కొట్టినం, 'ఓ' పక్కన 'యు' పెట్టి. కింద ఎర్రగీత పడ్డది. మాకే ఇంగ్లిషు రాదేమోనని సిగ్గుపడి 'యు' తీసేసినం. ఆ గీత గీసిందెవరని అడగలేదు. ఇయ్యాల అడుగుదాం.

ఒకప్పుడు ఇంగ్లండులోనే ఈ మాటలకు ఒక్క రాత లేదు. 1623లో అచ్చయిన షేక్‌స్పియర్ నాటకాల సంపుటిలో 'ఆనర్' అనే మాట 'యు'తోనూ ఉన్నది, 'యు' లేకుండానూ ఉన్నది. 1755లో శామ్యూల్ జాన్సన్ లండన్‌లో నిఘంటువు తెచ్చి 'యు' ఉన్న రాతకే పెద్దపీట వేసిండు.

అమెరికా స్వతంత్రమైనంక నోవా వెబ్‌స్టర్ అనే బడిపంతులు లేచిండు. రాజ్యం వేరైనప్పుడు భాష మీద లండన్ పెత్తనమెందుకన్నది ఆయన వాదన. 1789లోనే దాన్ని పుస్తకంగా అచ్చేసిండు. 1828లో సుమారు 70 వేల మాటల నిఘంటువు తెచ్చిండు. ఆయన చేతిల 'కలర్'లో 'యు' పోయింది, 'సెంటర్' చివర 'ఆర్, ఈ' తారుమారై 'ఈ, ఆర్' అయింది.

అయితే ఆయన చెప్పిందల్లా జనం నెత్తిన పెట్టుకోలేదు. నాలుకను 'టి, యు, ఎన్, జి' అని రాయమంటే ఎవరూ రాయలేదు. 1906లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 300 మాటల రాత మార్చాలని సర్కారు ముద్రణాలయానికి హుకుం ఇచ్చిండు. పార్లమెంటు అడ్డం తిరిగితే అదే ఏడాది వాపసు తీసుకున్నడు. హుకుంతో రాత మారదు, జనం ఒప్పుకుంటేనే నిలుస్తది.

కెనడావాళ్లు 'కలర్'ను లండన్ లెక్క రాస్తరు, బండి 'టైర్'ను అమెరికా లెక్క రాస్తరు. ఆస్ట్రేలియాల 'లేబర్' మాటకు 'యు' ఉంటది, లేబర్ పార్టీ పేరుల మాత్రం ఉండదు. వాళ్లనెవరూ చదువురానోళ్లని అంటలేరు.

యాస పేరుతో వెక్కిరింపులు పడ్డోళ్లం మనం. జాగ మారితే మాట మారుతదని మనకు వేరే చెప్పాల్నా? స్పెల్లింగు చూసి తమ్ముళ్లెవరూ చిన్నబోవద్దు. మన బడులు, దఫ్తర్లల్ల నడిచేది బ్రిటిష్ పద్ధతి. అమెరికా యూనివర్సిటీకి రాస్తే వాళ్ల పద్ధతిల రాయుండ్రి. ఒక్క కాగితంల మాత్రం రెండూ కలపకుండ్రి. కంప్యూటర్ల భాషను 'ఇంగ్లిష్, ఇండియా' అని మార్చి చూడుండ్రి. ఆ 'యు' కింది ఎర్రగీత దానంతటదే పోతది.